బీరువాలో భద్రంగా ఉన్న పట్టుచీర మడతల్లోనే ఎందుకు చిరుగుతుంది

చాలా ఇళ్లల్లో జరిగేదే ఇది. పెళ్లిలో కట్టిన పట్టుచీరని ఆ తర్వాత ఒకటో రెండో ఫంక్షన్లకి కట్టి, డ్రై క్లీనింగ్ చేయించి, వాళ్లు ఇచ్చిన ప్లాస్టిక్ కవర్లోనే బీరువా పై అరలో పెట్టేస్తారు. ఇరవయ్యేళ్ల తర్వాత కూతురి ఓణీల ఫంక్షన్‌కని తీసి మడత విప్పుతుంటే చిన్నగా పర్‌మని చప్పుడొస్తుంది. చూస్తే మడత పడ్డ చోటల్లా గీత గీసినట్టు చీలిక, అంచు మీద జరీ నల్లబడిపోయి ఉంటుంది, కొంగు లోపలి వైపు ఎప్పుడు పడ్డాయో తెలీని గోధుమరంగు మచ్చలు. నాలుగు సార్లు కూడా కట్టలేదు, ఎంత భద్రంగా దాచాం అని ఆ తల్లి ప్రాణం ఉసూరుమంటుంది. అదే ఇంట్లో అమ్మమ్మ చీర మాత్రం పండక్కీ పబ్బానికీ కట్టి, ఇంట్లోనే ఉతికి, దండెం మీద ఆరేసినా ఇంకా నిలబడే ఉంటుంది.

దీన్ని చూసి పాతకాలం పట్టు గట్టిది, ఇప్పటిదంతా నకిలీ అని తేల్చేస్తుంటారు. నకిలీలు ఉన్న మాట నిజమే, కానీ అమ్మమ్మ చీరలన్నీ నిలబడలేదు కదా, చిరిగినవి మనకి కనపడవు అంతే. కొన్ని పాత జరీ కొనేవాళ్ల చేతికి వెళ్లి, వాళ్లు వెండి కోసం కాల్చేశారు, కొన్ని స్టీలు గిన్నెలకి పోయాయి, కొన్ని బొంతలయ్యాయి. మిగిలినవే మన కళ్ల ముందు ఉన్నాయి. అలా మిగిలినవాటిని గమనిస్తే ఎక్కువ వాటిల్లో ఒక పోలిక ఉంటుంది, అవి కదులుతూ ఉన్న చీరలు. కట్టారు, ఆరబెట్టారు, మళ్లీ మడతపెట్టారు. పట్టుచీర కట్టడం వల్ల అరిగేది తక్కువ, మురికితోనో తడితోనో ఒకే మడత మీద ఏళ్ల తరబడి కదలకుండా పడుండటం వల్ల పాడయ్యేది ఎక్కువ. ఇదెందుకో తెలిస్తే ఏం చెయ్యాలో ఎవరూ లిస్టు ఇవ్వక్కర్లేదు.

పట్టు అంటే పురుగు నోట్లోంచి వచ్చిన ప్రొటీన్ దారం, మన జుట్టు లాంటిదే అనుకోవచ్చు. అందుకే కాలిస్తే జుట్టు కాలిన వాసన వస్తుంది. కాటన్ అలా కాదు, అది మొక్క పీచు. ఈ తేడాని ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ చీర బతుకంతా దీని మీదే ఉంటుంది. కాటన్‌కి సబ్బు, సోడా లాంటి క్షారాలంటే లెక్కలేదు, పట్టుని మాత్రం అవే తినేస్తాయి. బ్లీచింగ్ పౌడర్ నీళ్లయితే పట్టు దారాన్ని ఏకంగా కరిగించేస్తాయి. ఇంకో సంగతి, కాటన్ దారం తడిస్తే బలం పెరుగుతుంది, పట్టు దారం తడిస్తే బలం తగ్గుతుంది. కాబట్టి తడిసిన మంగళగిరి చీరని పిండినట్టు తడిసిన ధర్మవరం చీరని పిండితే అది తట్టుకోలేదు, ఆ క్షణంలో చిరగకపోవచ్చు గానీ దెబ్బ మాత్రం లోపల తగిలే ఉంటుంది.

ఇక జరీ. అసలు జరీ అంటే పట్టు దారం చుట్టూ సన్నగా సాగదీసి చదును చేసిన వెండి తీగని చుట్టి దానికి బంగారు పూత వేసింది, ఇది ఎక్కువగా సూరత్ నుంచి వస్తుంది. టెస్టెడ్ జరీ అని అమ్మేదాంట్లో లోపల రాగి తీగ ఉంటుంది. అందరికీ అందే రేటులో వచ్చేది ప్లాస్టిక్ జరీ, పాలిస్టర్ ఫిల్మ్ మీద మెరుపు వేసి కత్తిరించింది. తెలుసుకోవాలంటే కొంగు చివర ఊడిన ఒక్క పోగుని కాల్చి చూస్తే చాలు, ప్లాస్టిక్‌ది ముడుచుకుపోయి ఉండ కడుతుంది, లోహం జరీలో లోపలి దారం కాలిపోయి సన్నటి తీగ మిగులుతుంది. సెంట్రల్ సిల్క్ బోర్డు 2004లో తెచ్చిన సిల్క్ మార్క్ లేబుల్ చూసి జరీ కూడా అసలుదే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ లేబుల్ పట్టు గురించే చెప్తుంది, జరీ గురించి కాదు.

ఇప్పుడు ఆ మడత సంగతికి వద్దాం. మెత్తటి పట్టు పోగులు, వాటి పక్కనే గట్టిగా ఉండే లోహపు పోగులు. చీరని మడిచినప్పుడు పట్టు వంగుతుంది, ఆ లోహం మాత్రం విరిగినట్టు వంగుతుంది. పైన పది చీరల బరువు ఉంటే ఆ వంపు ఇంకా నొక్కుకుపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ పట్టు ఎలాగూ ఎండి పెళుసవుతుంది, అదే గీత మీద వంగి ఉన్న పోగులు ముందు తెగుతాయి. ఒక తీగని ఒకే చోట వంచి పెడితే అది ఎక్కడ తెగుతుందో చీర కూడా అక్కడే తెగుతుంది. మూడు నాలుగు నెలలకోసారి తీసి మడత మార్చమని పెద్దవాళ్లు చెప్పేది ఇందుకే, దీంట్లో చాదస్తం ఏమీ లేదు. అయితే చాలామంది చీర తీసి, దులిపి, మళ్లీ అదే మడతల మీద నీట్‌గా పెట్టేస్తారు, షాపులో మడత పెట్టినట్టు ఉండాలని. అలా చేస్తే తీసీ ప్రయోజనం లేదు. ఈసారి సగానికి మడిచింది వచ్చేసారి మూడు భాగాలుగా మడవాలి, జరీ ఈసారి బయటికి ఉంటే వచ్చేసారి లోపలికి, మడత లోపల పాత మెత్తటి పంచె ముక్కని ఉండలా చుట్టి పెడితే వంపు గుండ్రంగా ఉండి గీత పడదు. బాగా పాతబడ్డ చీరైతే మడతే వద్దు, అట్ట గొట్టానికి తెల్ల కాటన్ గుడ్డ చుట్టి దాని మీద చీరని వదులుగా చుట్టి పెట్టుకోవచ్చు. హ్యాంగర్లు బరువు చీరలకి పనికిరావు, ముఖ్యంగా నిండా జరీ ఉన్న కంచి పట్టు, బనారస్ లాంటివి. బరువంతా ఒక్క గీత మీద వేలాడి అక్కడ సాగిపోతుంది, ఇనుప హ్యాంగర్ అయితే తుప్పు మరక అదనం.

మచ్చల దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే మన పెళ్లి తంతు గురించి ఆలోచిస్తే పెళ్లిచీర ఆ పూటే సగం జబ్బు తెచ్చుకుంటుంది. జీలకర్రా బెల్లం తల మీద పెడతారు, అది కారి భుజం మీద పడుతుంది. తలంబ్రాలు పసుపు కలిపిన బియ్యం, తడిగానే ఒళ్లో పడతాయి. హోమం పొగ, నెయ్యి, కాళ్లకి పారాణి, మెడ దగ్గర సెంటు, వీపంతా చెమట, ఆ తర్వాత భోజనాల దగ్గర పులుసో పాయసమో ఒక బొట్టు. మర్నాడు చూస్తే వీటిల్లో సగం కంటికి కనపడవు. బెల్లం నీళ్లు ఆరిపోతే పట్టు మీద ఏమీ తెలీదు. చీర డ్రై క్లీనింగ్‌కి వెళ్తుంది, అక్కడ పెట్రోల్ లాంటి ద్రావకంలో ముంచుతారు, అది నూనెని, నెయ్యిని, జిడ్డుని బాగానే తీస్తుంది. కానీ బెల్లం, చెమటలో ఉప్పు, పాయసంలో చక్కెర నీళ్లలో కరిగేవి, ఆ ద్రావకంలో కరగవు. అంటే డ్రై క్లీనింగ్ అయిన చీర చూడ్డానికి తళతళా మెరుస్తూ వస్తుంది గానీ బెల్లం, ఉప్పు దాంట్లోనే ఉంటాయి. ఆ మీద వేడి ఇస్త్రీ పడుతుంది. ఏడాది తిరిగేసరికి చక్కెర మెల్లిగా గోధుమరంగులోకి తిరుగుతుంది, పదేళ్లకి అది మచ్చగా బయటపడుతుంది, ఈలోగా ఆ తీపికి పురుగు వచ్చినా వస్తుంది. ఉప్పేమో జరీలో వెండిని పట్టుకుంటుంది. ఇరవయ్యేళ్ల తర్వాత ఎప్పుడు పడ్డాయో తెలీని మచ్చలు అన్నాం కదా, అవి పెళ్లిరోజు పడ్డవే.

కాబట్టి చీర ఇచ్చేటప్పుడే ఇక్కడ బెల్లం పడింది, ఇక్కడ పసుపు, ఇక్కడ చెమట అని వేలుపెట్టి చూపించి చెప్పాలి, వీలైతే ఆ చోట తెల్లదారంతో ఒక చిన్న టాకా వేసి ఇవ్వాలి. పని తెలిసినవాళ్లు ఆ చోట్లకి విడిగా వేరే మందు వాడతారు. ఏమీ చెప్పకుండా ఇచ్చేసి అన్నీ పోతాయిలే అనుకోవడం దగ్గరే చాలా పెళ్లిచీరలు పోతున్నాయి.

పసుపు సంగతి వేరు, అది చాలా తమాషా రంగు. తలంబ్రాల మరకకి సబ్బు రాస్తే పసుపు కాస్తా ఎర్రగా అయిపోతుంది, కంగారుపడి ఇంకా రుద్దుతారు. ఎర్రబడటం అంటే మరక ముదిరినట్టు కాదు, పసుపుకి క్షారం తగిలితే వచ్చే రంగు అది, సున్నం కలిపితే పారాణి ఎర్రగా రావడం కూడా ఇదే. నీళ్లతో క్షారం పోతే మళ్లీ పచ్చగా అవుతుంది. పసుపుకి ఉన్న బలహీనత ఎండ. కాటన్ చీర మీద పసుపు పడితే ఉతికి రెండు పూటలు ఎండలో ఆరేస్తే దాదాపు ఎగిరిపోతుంది. పట్టుకి మాత్రం ఆ వైద్యం పనికిరాదు, పసుపుతో పాటు చీర రంగు కూడా ఎగిరిపోతుంది. పట్టు మీద పొడి పసుపు పడితే ముందు దులపాలి, చేత్తో తుడవకూడదు, తుడిస్తే పోగుల్లోకి దిగుతుంది. నూనె పడితే వెంటనే పౌడరో శనగపిండో చల్లి ఒక పూట వదిలేసి మెత్తటి గుడ్డతో దులిపితే చాలా మటుకు పీల్చేస్తుంది. ఫంక్షన్ హాల్లో ఏదైనా పడగానే కర్చీఫ్ తడిపి గబగబా రుద్దుతుంటారు చూడండి, పట్టుకి అంతకన్నా అన్యాయం లేదు. తడిసిన పట్టుని రుద్దితే పోగు మీద పొర రేగి అక్కడ తెల్లగా పాలిపోయినట్టు అవుతుంది, మరక పోయినా ఆ తెలుపు పోదు, దానికి తోడు తడిసిన చోటు చుట్టూ నీటి గీత మిగులుతుంది. పొడి గుడ్డతో అద్ది వదిలెయ్యడమే మంచిది.

పట్టుచీరలు మనం ఎక్కువగా ఎప్పుడు కడతాం అంటే శ్రావణమాసం. వరలక్ష్మీ వ్రతం, మంగళగౌరి నోములు, శ్రావణ శుక్రవారం పేరంటాలు, పెళ్లి ముహూర్తాలు. సరిగ్గా అదే ఏడాదిలో గాలి బాగా తడిగా ఉండే కాలం. కాకినాడ, విశాఖ లాంటి సముద్రం పక్కన ఊళ్లల్లో అయితే చెప్పక్కర్లేదు. గాల్లో తేమ 65 శాతం దాటి రోజుల తరబడి ఉంటే బూజుకి అది చాలు, పైగా చీరలో చెమట, గంజి ఏదో ఒకటి తిండి దొరుకుతుంది. వ్రతం అయిపోయిన సాయంత్రం చీర విప్పి వెంటనే మడిచి కవర్లో పెట్టి బీరువా తాళం వేస్తే ఆ తడి, ఆ చెమట అన్నీ లోపలే ఉండిపోతాయి. ప్లాస్టిక్ కవర్ దుమ్ము రానివ్వదు నిజమే, కానీ లోపలి తేమని బయటికి పోనివ్వదు, కొన్ని రకాల ప్లాస్టిక్ కాలం గడిచేకొద్దీ వదిలే ఆవిరి వల్ల లేత రంగు పట్టు పసుప్పచ్చగా తిరుగుతుంది. షాపుల్లో అమ్మే జిప్పు కవర్లు ఒక వైపు గుడ్డ ఒక వైపు ప్లాస్టిక్ ఉంటాయి, ఆ గుడ్డ కూడా చాలాసార్లు కాటన్ కాదు. బాగా ఉతికి గంజి పోయిన తెల్ల పంచె కానీ మల్ కాటన్ ముక్క కానీ చుట్టి పెట్టడం అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా మంచిది. ఒక్కో చీరకి ఒక్కో గుడ్డ, పక్కపక్క చీరల రంగులు, జరీలు ఒకదానికొకటి తగలకుండా. న్యూస్ పేపర్ మాత్రం వద్దు, ఆ ఇంకూ, కాగితంలో ఉండే ఆమ్లం రెండూ చేటే.

బీరువా ఎక్కడుంది అనేది కూడా ముఖ్యమే. అపార్ట్‌మెంట్లలో గోడ కప్‌బోర్డు వెనక చాలాసార్లు బాత్రూం గోడ ఉంటుంది, ఆ గోడకి చెమ్మ దిగితే లోపల చీరలకి ఒక రకమైన ముక్క వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిందంటే బూజు మొదలైనట్టే, అగరబత్తి పెట్టి కప్పిపుచ్చితే లాభం లేదు. స్టీలు బీరువా అయితే గోడకి రెండు మూడు అంగుళాలు జరిపి పెట్టాలి. వర్షాకాలం పోయాక, కార్తీకంలో గాలి కాస్త పొడిబారాక ఒక ఆదివారం అన్నీ తీసి ఫ్యాన్ కింద పరిచి బీరువా తలుపులు తెరిచి పెడితే మడత మార్చడం కూడా అదే రోజు అయిపోతుంది.

కట్టిన రోజు రాత్రి చెయ్యాల్సిన పని చిన్నది. చీర విప్పగానే గదిలో దండెం మీదో తలుపు మీదో తెల్ల టవల్ పరిచి దాని మీద వదులుగా వేసి తెల్లారేదాకా గాలికి వదిలెయ్యాలి. పొద్దున వెలుతుర్లో మూడు చోట్ల చూడాలి. పిన్ను పెట్టిన భుజం దగ్గర పోగు లాగిందా, నడుము దగ్గర లంగా బొందు ఒరిపిడికి చెమట గీత పడిందా, కుచ్చిళ్ల అడుగున బురద, మెట్టెల గీతలు ఉన్నాయా. ఉప్పాడ జమ్దానీ లాంటి పల్చటి పట్టుకి మెట్టెలు, వడ్డాణం, రాళ్ల గాజులే పెద్ద శత్రువులు. ఒక పోగు లాగి బయటికొస్తే కత్తిరించకూడదు, కత్తిరిస్తే అక్కడి నుంచి కన్నం మొదలవుతుంది. రెండు చేతుల్తో చీరని ఏటవాలుగా మెల్లిగా లాగితే పోగు చాలావరకు లోపలికి పోతుంది. ఆ చీర బ్లౌజుని మాత్రం చీరతో కలిపి మడవొద్దు, చంకల్లో చెమట, డియోడరెంట్ ఉన్న బ్లౌజు పక్క మడతకి మచ్చ అంటిస్తుంది.

ఇక ఉతకడం. అన్నీ డ్రై క్లీనింగ్‌కే ఇవ్వాలన్న రూల్ లేదు, ఒకే రంగులో ఉండి, రంగు కారని మామూలు పట్టుచీరని ఇంట్లో కుంకుడుకాయతో ఉతుక్కోవచ్చు, అమ్మమ్మలు చేసింది అదే. రంగు కారుతుందో లేదో ముందు చూసుకోవాలి, తడిపిన తెల్లగుడ్డని చీర లోపలికి దోపుకునే చివర, అంచు దగ్గర, కొంగు దగ్గర ఒక నిమిషం అదిమి పట్టుకుంటే రంగు అంటుతుందో లేదో తెలుస్తుంది. మూడు చోట్లా ఎందుకంటే మూడూ వేర్వేరు రంగులు, ఒళ్లు గట్టిగా ఉండి ఎర్ర కొంగు ఒక్కటే కారిపోయే చీరలు బోలెడు. అంటుకుందా, ఇంట్లో ముట్టుకోవద్దు. అంటలేదా, పది కుంకుడుకాయలు కొట్టి గింజలు తీసి గోరువెచ్చటి నీళ్లలో రాత్రి నానేసి, పొద్దున చేత్తో పిసికితే నురగ వస్తుంది, దాన్ని గుడ్డలో వడగట్టి, పూర్తిగా చల్లారాక బకెట్ నీళ్లలో కలపాలి. వడగట్టకపోతే ఆ తొక్కు ముక్కలు చీరకి అంటుకుని మచ్చలవుతాయి. చీరని వదులుగా ముంచి పైకి కిందికి నాలుగైదు నిమిషాలు ఆడించి తీసెయ్యాలి, నానబెట్టకూడదు. రెండు మూడు సార్లు మంచినీళ్లలో జాడించి, పిండకుండా పాత టవల్లో చాపలా చుట్టి అదిమితే నీళ్లు పోతాయి. తర్వాత నీడలో, ఫ్యాన్ కింద, రెండు తాళ్ల మీద పరిచినట్టు ఆరేస్తే తడి మడతలు ఒకదానికొకటి అంటుకోవు. కుంకుడురసం లేత గోధుమరంగులో ఉంటుంది కాబట్టి తెలుపు, క్రీమ్ రంగు పట్టుకి వాడితే రంగు కొంచెం మందగిస్తుంది, వాటికి పట్టు కోసం అమ్మే లిక్విడ్ నయం. బోరు నీళ్లు బాగా ఉప్పుగా ఉండే ఊళ్లల్లో మామూలు సబ్బు వాడితే తెల్లటి తెట్టు కట్టి పట్టు మెరుపు చచ్చిపోతుంది, చివరి జాడింపుకైనా ఫిల్టర్ నీళ్లు వాడితే తేడా కంటికి కనపడుతుంది.

గద్వాల్ చీర దగ్గర మాత్రం జాగ్రత్త. ఒళ్లంతా కాటన్, అంచూ కొంగూ పట్టు, రెండిటినీ మగ్గం మీదే పోగుకి పోగు మెలేసి కలుపుతారు. నీళ్లలో పడితే కాటన్ కుంచించుకుపోయినంత పట్టు కుంచించుకోదు, దాంతో అంచు పొడవునా ముడతలు లేస్తాయి, అవి ఇస్త్రీకి కూడా సరిగ్గా లొంగవు. మొదట్లో రెండు మూడు సార్లు డ్రై క్లీనింగే దానికి మంచిది. పోచంపల్లి ఇకత్‌లో దారానికి ముందే ముళ్లేసి రంగులద్ది నేస్తారు కాబట్టి అన్ని రంగులూ పక్కపక్కనే ఉంటాయి, ఒక్కటి కారినా డిజైన్ అంచులు మసకబారతాయి. కొత్త చీరని కల్లుప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలబడిపోతుందని అందరూ నమ్ముతారు. కొన్ని కాటన్ రంగులకి ఉప్పు ఆ ఒక్క ఉతుక్కి కారడం తగ్గిస్తుందే తప్ప శాశ్వతంగా పట్టి ఉంచదు, జరీ ఉన్న చీరకి ఉప్పు నీళ్లు ఉత్త చేటు. శ్రీకాళహస్తి కలంకారీకి కరక్కాయ, పటిక, తుప్పు ఇనుముని బెల్లం నీళ్లలో పులియబెట్టి తీసిన నలుపు వాడతారు. ఆ ఇనుప నలుపు ఏళ్లు గడిస్తే గుడ్డని అక్కడే పెళుసు చేస్తుంది, పాత కలంకారీల్లో నల్ల గీతలున్న చోటే ముందు చిల్లులు పడేది అందుకే. దాన్ని నీడలోనే ఆరెయ్యాలి, గట్టిగా బ్రష్ చెయ్యకూడదు.

కాటన్ చీరల్లో తప్పు దాదాపు ఒక్కటే, గంజి. వెంకటగిరి, మంగళగిరి చీరకి గంజి పెడితే నిలబడే అందమే వేరు, కాదనలేం. అయితే గంజి అంటే అన్నం, సిల్వర్ ఫిష్ పురుగుకి అంతకంటే విందు లేదు. ఈ వారం కట్టేదానికి గంజి పెట్టుకోండి, నెలల తరబడి లోపల పెట్టేదాన్ని గంజి పోయేలా ఉతికి, బాగా ఆరాక పెట్టాలి.

జరీ నల్లబడటం మురికి కాదు, వెండి మీద గాల్లో ఉండే గంధకం చేరి వచ్చే పొర, వెండి కుందులు నల్లబడినట్టే. రాగి జరీ అయితే చెమటకీ కొబ్బరినూనెకీ పచ్చగా చిలుము పడుతుంది. కుందుల్ని తోమినట్టే నిమ్మకాయో చింతపండో టూత్‌పేస్టో పెట్టి జరీని తోమడం కొందరు చేస్తుంటారు, దాంతో నలుపుతో పాటు పైనున్న బంగారు పూత కూడా పోతుంది, పూత పోయాక లోపలి వెండి ఇంకా తొందరగా నల్లబడుతుంది. సోడా నీళ్లలో అల్యూమినియం ఫాయిల్ వేసి ముంచే చిట్కా వెండి గిన్నెకి పనిచేస్తుంది, కానీ వేడి సోడా నీళ్లు పట్టుకి విషం. నల్లబడ్డ జరీని ఇంట్లో వెనక్కి తేవడం దాదాపు కుదరదు, నల్లబడకుండా ఆపడమే మన చేతిలో ఉంది. సెంటు చీర కట్టకముందే ఒంటికి కొట్టుకుని ఆరనివ్వాలి, చీరలున్న అరలో రబ్బరు బ్యాండ్లు, ఉన్ని శాలువాలు ఉంచకూడదు, వాటిల్లోనూ గంధకం ఉంటుంది.

కలరా ఉండల గురించి గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. చీర మీద నేరుగా వేస్తే మచ్చలు పడొచ్చు, జరీకి తగిలితే రంగు మారొచ్చు, దాంతో కర్పూరం కలిపి పెడితే మన వేసవి వేడికి రెండూ కలిసి కరిగి జిడ్డవుతాయి, ఇవన్నీ చీర నష్టాలు. అంతకన్నా పెద్దది పసిపిల్లలది. మన ఇళ్లల్లో పుట్టిన బిడ్డని మెత్తగా ఉంటుందని పాత చీర ముక్కల్లో చుడతారు, అవి కలరా ఉండల మధ్య ఏళ్ల తరబడి ఉన్నవైతే ఆ ఆవిరి బిడ్డ ఒంట్లోకి వెళ్తుంది. జీ సిక్స్ పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లల్లో దానివల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోయి కామెర్లు ముదిరి ప్రాణం మీదకొస్తుంది, ఆ లోపం ఉన్నట్టు పుట్టగానే బయటికి తెలీదు. కాబట్టి బిడ్డ కోసం తీసే గుడ్డకి ఆ వాసన ఉండనే కూడదు. బీరువాకి ఎండు వేపాకు, వస కొమ్ము, లవంగాలు, వట్టివేళ్లు పల్చటి గుడ్డలో మూటకట్టి మూలల్లో పెట్టుకోవచ్చు. ఇవి పురుగుని చంపవు, రాకుండా కొంతవరకు ఆపుతాయి, వాసన పోయాక ఆ కొంత కూడా ఉండదు కాబట్టి మడత మార్చే రోజే మూటలు కూడా మార్చాలి.

అమెరికా, యూకేల్లో ఉన్నవాళ్లకి పురుగు బెడద వేరే రకం, అక్కడ ఉన్ని తినే చిమ్మట పురుగు పట్టుని కూడా తింటుంది, అదీ ప్రొటీనే కాబట్టి. స్వెటర్లు పెట్టే క్లోజెట్‌లో పట్టుచీరలు పెట్టొద్దు. పురుగు పట్టిందని అనుమానం వస్తే పొడిగా ఉన్న చీరని కవర్లో పెట్టి గాలి తీసేసి గట్టిగా మూసి డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచితే గుడ్లతో సహా చచ్చిపోతాయి, మ్యూజియంల వాళ్లు కూడా చల్లదనంతోనే చంపుతారు. బయటికి తీశాక కవర్ వెంటనే విప్పకూడదు, చీర గది వేడికి వచ్చేదాకా ఒక రోజు అలాగే ఉంచాలి, లేకపోతే గాల్లో నీరంతా చీర మీద చేరుతుంది.

వెలుతురు లెక్క చూస్తే ఎండలో ఆరెయ్యొద్దు అనే మాట ఎంత బరువైందో అర్థమవుతుంది. వెలుతురుని లక్స్ అనే కొలతలో లెక్కేస్తారు, మ్యూజియంలో పాత బట్టల మీద పడే వెలుతురు 50 లక్స్ దాటకూడదని పద్ధతి. మన మిట్టమధ్యాహ్నం ఎండ దాదాపు లక్ష లక్స్. అంటే ఒక్క గంట ఎండ, మ్యూజియం అద్దాల వెనక రెండు వేల గంటల వెలుతురుతో సమానం, రోజుకి ఎనిమిది గంటల చొప్పున 250 రోజులు, ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాల దెబ్బ ఇంకా దీనికి పైన.

కొన్ని చిన్న విషయాలు చీర కొన్న రోజే తేలిపోతాయి. ఫాల్ కుట్టించేటప్పుడు కాటన్ ఫాల్ అయితే ముందు తడిపి ఆరేసి ఇస్త్రీ చేసి ఇవ్వాలి, లేకపోతే తర్వాత అది కుంచించుకుపోయి అంచుని లాగి ముడతలు తెస్తుంది. సన్న సూదితో, కాటన్ దారంతో, చేతి కుట్టు వేయించాలి, గట్టి పాలిస్టర్ దారం ఎక్కడైనా ఒత్తిడి పడితే తాను తెగదు, పట్టుని తెంపుతుంది. పిన్ను గుచ్చేటప్పుడు వెనక చిన్న గుడ్డ ముక్క పెడితే కన్నం సాగదు, పిన్ను చీరకే ఉంచి బీరువాలో పెట్టెయ్యడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఊరికే పాలిష్ చేయించడం కూడా తగ్గించుకోవాలి, గంజి లాంటిది పెట్టి రోలర్ మధ్య నొక్కి తీస్తే కొత్తదానిలా వస్తుంది గానీ పాత చీరకి ఆ నొక్కుడు తట్టుకునే ఓపిక ఉండదు.

ఇంత చేసినా చిరిగే చీర చిరుగుతుంది, పట్టుకీ ఆయుష్షు ఉంటుంది. ఒళ్లు చిరిగి అంచు బాగుంటే అంచుని విడదీసి కొత్త గుడ్డకి వేసుకోవచ్చు, పాపకి పట్టులంగా కుట్టించొచ్చు. మొత్తం చీరగానే ఉంచాలనుకుంటే చీలిక వెనక అదే రంగు పల్చటి పట్టు గుడ్డ వేసి కుట్టాలి, టేపూ జిగురూ వాడితే రెండేళ్లకి అక్కడ గట్టిపడి పక్కన కొత్త చీలిక వస్తుంది. చిన్న కన్నమైతే రఫూ చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి. మంచి పనివాడు బయటి దారం వాడడు, ఏ దారమూ ఆ రంగుకి కలవదు కాబట్టి, చీర లోపలికి దోపుకునే చివరి నుంచే నాలుగు పోగులు మెల్లిగా లాగి, ఆ పోగులతోనే కన్నం చుట్టూ ఒకదాని కింద ఒకటి, ఒకదాని మీద ఒకటి దూర్చుకుంటూ మళ్లీ నేసినట్టు నింపుతాడు.